నాలుగో సూది

ఆదోని పత్తి యార్డు గేటు ఎదురుగా
పది అడుగుల అంగడి నాది.
బోర్డు మీద కంప్యూటర్ రిపేరీ అని ఉంటాది గానీ
వచ్చేవన్నీ ప్రింటర్లే,
దూది దుమ్ము మింగి దగ్గే ముసలి ప్రింటర్లు.

మినాసె కంపెనీ కథ నేను యాడా చదవలేదు.
యంత్రాన్ని బోర్లా పండబెడితే
వీపు మీద అతికించి ఉంటాది.

మొదటి చీటీ: జపాన్.
ఇనుప వీపు, ఎత్తితే నడుం పట్టేది.
వాళ్ల లిపిలో పేరు,
అందులో ఒక అక్షరం అచ్చం బోరెం మోసే హమాలీ.
తరువాతది సింగపూర్. వీపు ప్లాస్టిక్కయింది.
తరువాతది థాయ్‌లాండ్.
నాలుగు స్క్రూలుండే చోట రెండే.
ఆఖరి చీటీలో ఇంకేదో కంపెనీ పేరు పెద్దగా,
దాని కింద మినాసె, చిన్నగా,
చేను అమ్ముకొని
అదే చేన్లోకి కూలికి పోయినోని మాదిరి.

ఎనభై తొమ్మిదిలో హైదరాబాదులో వారం ట్రైనింగు.
ఇనొగుచి అని ఒకాయన వచ్చినాడు,
గోంగూర తిని కండ్లనీళ్లు పెట్టుకున్నాడు.
పాత ఫోటో ఒకటి గోడ మీద వేసి చూపించినాడు:
మంచులో రేకుల షెడ్డు,
తలగుడ్డలు కట్టిన ఆడోళ్లు వరసగా,
ఒక్కొక్కరి ముందర ఒక్కొక్క దీపం.
"మొదట గడియారం ముళ్లు చేసేవాళ్లం.
బ్యాటరీ గడియారాలొచ్చి ముల్లుకు బేరం పోయింది.
మా పెద్దాయన ఆ ముల్లునే సాగదీసి
కాగితాన్ని పొడవమన్నాడు."

వెంట్రుక మందం సూదులు, తొమ్మిది.

నాకు మా నాయన లాలప్ప గుర్తొచ్చినాడు.
దూది ఏకే విల్లు భుజాన వేసుకొని
ఎమ్మిగనూరు దాకా నడిచి పోయేవాడు.
ఫోము పరుపులొచ్చినంక
ఆ విల్లును ఏ పనికీ సాగదీయలేకపోయినాడు.
మా అమ్మ దానికి బట్టలారేసేది.

పోయిన వారం
కౌతాళం ఉరుకుందమ్మ తక్‌పట్టీ పట్టుకొని వచ్చింది.
"నాకు సదువు రాదప్పా. మూటలు మాత్రం
నా చేత్తో కుట్టినా, నా కండ్లతో తూకం చూసినా.
పద్దెనిమిది క్వింటాళ్లు
ఈ కాగితంలోకి పోయి పదెట్లాయె?"

భూతద్దం పెట్టి చూసినా.
ప్రతి వరసలో నడిమధ్య ఒక తెల్ల గీత.
నాలుగో సూది విరిగింది.
నడుం బిగించే చుక్కలు పడక
ఎనిమిదులన్నీ సున్నాలైనాయి.

"ఇందులో ఎవురి మోసమూ లేదమ్మా,
సూది విరిగింది, అంతే."

ఆమె నా మొహం దిక్కు చూసి
"కావచ్చులే నాయనా.
విరిగే సూది ఎప్పుడూ మా దిక్కే ఎందుకు విరుగుతాది?"
అనింది.
నా దగ్గర జవాబు లేదు.
మండీకి పోయి ప్రింటర్ మోసుకొచ్చినా.

కంపెనీకి ఇదివరకే రాసి ఉన్నా.
ఆ రకం సూదులు ఆపేసి ఆరేండ్లయిందని,
మా మీద నమ్మకానికి కృతజ్ఞతలని
ఒక జవాబు వచ్చింది,
ఏ మనిషి పేరూ లేకుండా.

అటక మీంచి ఇనుప వీపు దాన్ని దించినా.
నేను మొదట విప్పి నేర్చుకున్నది,
అమ్మమన్నా అమ్మనిది.
దాని తలకాయ విప్పి నాలుగో సూది తీసినా,
పట్టకారు వణికింది.
ఆ షెడ్డులో ఏ తలగుడ్డామె
దీపం ముందర వంగి అరగదీసిందో.

బిగించి, కాగితం పెట్టి, మీట నొక్కినా.
ర్ర్ర్‌మని ఒక వరస ఎనిమిదులు,
నడుములు గట్టిగా.

గుమాస్తా పట్టీ మళ్లీ తీసిచ్చినాడు,
తప్పయిందని మాత్రం అనలేదు.
ఉరుకుందమ్మ దాన్ని ఎండకు పట్టి చూసి,
మడిచి రొంటిన దోపుకొని
కౌతాళం బస్సుకు ఉరికింది.

ఇనుప వీపు దాన్ని మళ్లీ అటకెక్కించినా.
ఇంగ దానికి
ఎనిమిది సూదులు.